మనిషిని మోసుకొచ్చేంత తలుపు

సత్యానందం ముప్పై ఏళ్లకు పైగా ఇటుకలు పేర్చాడు గానీ తన చేత్తో ఒక్క ఇల్లు కూడా కట్టలేదు. ఆయన పేర్చిన ఇటుకలన్నీ నిప్పుల్లోకే పోయాయి.

కోదాడ అవతల ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఆయన కిలన్ మేస్త్రీ. కిలన్ అంటే పడుకోబెట్టిన పెద్ద ఇనుప గొట్టం. అరవై మీటర్ల పొడవు, ఇద్దరు మనుషుల ఎత్తు. రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది. లోపల మంట. ఆ మంటకు ఇనుము కరిగిపోకుండా గొట్టం లోపలి వైపంతా నిప్పుకు ఓర్చుకునే ఇటుకలు పేరుస్తారు. ఏడాదికోసారి కిలన్ ఆపి, చల్లారాక లోపలికి పోయి, అరిగిన ఇటుకలు పీకేసి కొత్తవి పెడతారు. మధ్యలో సున్నం ఉండదు, సిమెంటు ఉండదు. ఒక్కో వరస గాజులాగా గుండ్రంగా చుట్టుకొస్తుంది. చివరి ఇటుక పట్టే సందులో సన్నని ఇనుప రేకులు దిగ్గొట్టి బిగిస్తారు. రబ్బరు సుత్తితో ఒకసారి కొట్టి, ఆ చప్పుడును బట్టి వరస బిగిసిందో లేదో చెప్పేవాడు సత్యానందం.

అలాంటివాడు రెండు వేల తొమ్మిది ఎండాకాలం తర్వాత కిలన్ ముఖం చూడలేదు. నేరేడుచర్లలో సొంతింట్లో ఉంటూ అక్కడి రైసు మిల్లుల్లో, మిర్యాలగూడ మిల్లుల్లో బాయిలర్లకు లోపలి ఇటుక పని చేసేవాడు. బేకరీ వాళ్లు పిలిస్తే భట్టీలు కట్టిపెట్టేవాడు. ఏ పనైనా సరే, లోపలికి పోయేముందు బయటికి వచ్చే దారి ఒకటికి రెండుసార్లు చూసుకునేవాడు. ఎందుకలా అని భార్య దేవమ్మ ఎన్నడూ అడగలేదు. ఆమెకు తెలుసు.

రెండు వేల ఇరవై నాలుగు ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం నవనీత అనే ఆవిడ ఆయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఊరు సూర్యాపేట, కోదాడలో ఒక ఇంజినీరింగు కాలేజీలో సివిల్ పాఠాలు చెబుతుంది. ముప్పై అయిదేళ్లుంటాయి. కుర్చీలో కూర్చోగానే ఫోను తీసి ఒక ఫొటో చూపించింది. కాలేజీ వెనక ఖాళీ జాగాలో ఇటుకల కుప్ప.

"కమాను కట్టినం సార్. రెండుసార్లు కూలింది. ఫ్యాక్టరీ దగ్గర అడిగితే సున్నం లేకుండా ఇటుక నిలబెట్టే మనిషి మీరేనని చెప్పిన్రు" అంది.

"సున్నమెందుకు పెట్టరు మేడమ్? కట్టేది ఇల్లే గదా?"

"ఇల్లే. కానీ ఈడ కాదు." నవనీత ఒక్క క్షణం ఆగింది, నవ్వుతాడేమోనని. "చంద్రుని మీద. సైంటిస్టులు పోయి నెలల కొద్దీ ఉండి పరిశోధన చేసుకునేటందుకు. దేశంలున్న కాలేజీలకు పోటీ పెట్టిన్రు. మా పిల్లలు డిజైన్ చేస్తున్నరు."

సత్యానందం నవ్వలేదు. లోపలి నుంచి దేవమ్మ మాత్రం తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"నీళ్లుంటయా ఆడ?"

"ఎక్కడో మంచు రూపంలో ఉందంటరు. ఉన్నా తాగడానికే సాలది. కట్టుబడికి చుక్క కూడా వాడొద్దు. సిమెంటు మోసుకుపోలేం. ఆడి మట్టినే వేడి చేసి ఇటుక చెయ్యాలె, దాన్నే పేర్చాలె. పైన రెండు మీటర్ల మందం మట్టి కప్పాలె. లేకుంటే ఎండకూ చలికీ, ఆకాశంల నుంచి వచ్చే కిరణాలకూ మనిషి బతకడు."

"బరువెట్ల ఉంటది?"

"ఈడ ఆరు కిలోలుంటే ఆడ ఒక్క కిలో."

ఆయన వేలితో గాల్లో ఒక గుండ్రం చుట్టాడు. తర్వాత అన్నాడు: "మీ కమాను బరువు మీద ఆధారపడి కట్టిన్రు మేడమ్. మీదికెల్లి బరువు నొక్కితే ఇటుక బిగుస్తదని. ఆడ బరువే లేకపాయె. మా కిలన్ తిరుగుతది. ఇప్పుడు కిందున్న ఇటుక ఇంకో నిమిషానికి మీదికొస్తది. దానికి మీద, కింద అన్నది లేదు. బరువును నమ్ముకోవద్దు, బిగువును నమ్ముకోవాలె."

నవనీత తన పుస్తకం తెరిచి ఆ మాట రాసుకుంది. తన ముందు కూర్చుని ఒకరు తన మాట రాసుకోవడం సత్యానందానికి అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున్నే హుజూర్‌నగర్ మీదుగా కోదాడ బస్సెక్కాడు.

కాలేజీలో ఆయన మొదట చేసిన పని కమానును పూర్తిగా పడగొట్టించడం. ఇటుక రెండు కొసలూ ఒకే మందంలో ఉండటమే తప్పని చెప్పాడు. ఒక కొస మందంగా, ఒక కొస సన్నగా ఉండేలా కొత్త అచ్చు చేయించాడు. చంద్రుని మట్టి దొరకదు కాబట్టి కంకర మిల్లు నుంచి తెచ్చిన రాతిపొడిని ఒత్తి ఇటుకలు చేశారు. రాత్రికి నేరేడుచర్ల చేరేసరికి ఆయన చొక్కా నిండా బూడిదరంగు దుమ్ము ఉండేది. దేవమ్మ దులుపుతూ "చంద్రుని మీద కూడా గింతే దుమ్మా?" అని అడిగేది. "ఇంతకంటె మెత్తగ ఉంటదట. ఊపిరితిత్తులల్ల దిగితే పోదట" అని ఆయన గంభీరంగా జవాబిచ్చేవాడు.

డిజైన్ గీసే జట్టుకు పెద్ద స్వప్న అనే అమ్మాయి. నాలుగో సంవత్సరం చదువుతోంది, ఆత్మకూర్ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటోంది. ప్రతిదానికీ ఎందుకని అడుగుతుంది. సత్యానందాన్ని "తాతా" అని మొదట పిలిచింది ఆమే. ఆయన ఏది చెప్పినా కంప్యూటర్లో పెట్టి చూసేది. ఒక్కోసారి ఆయనదే తప్పయ్యేది. ఇటుక కమానే లోపలి గాలిని పట్టి ఉంచుతుందని ఆయన అనుకున్నాడు. కాదంది స్వప్న. లోపలి గాలి ఇటుకల్ని బయటికి తోసి విప్పేస్తుంది. అందుకని లోపల ఒక గట్టి సంచీని గాలితో నింపుతారు, మనుషులు ఆ సంచీలో ఉంటారు. ఇటుక కమాను దానికి తగలకుండా పైనుంచి మట్టిని మోస్తూ కాపాడుతుంది. ఆ మాట విని ఆయన తన తప్పు ఒప్పుకున్నాడు. "నాకు నిప్పు తెలుసు బిడ్డా, గాలి తెల్వదు" అన్నాడు.

ఏప్రిల్ మొదటి వారానికి కమాను నిలబడింది. ఇరవై రెండు వరసలు. ఆయన చివరి వరసలో రేకు దిగ్గొట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టాడు. చెవి పెట్టి విన్నాడు. కింది నుంచి ఆసరా తీసేయమన్నాడు. ఆసరా తీశాక ఒక్క ఇటుకా కదల్లేదు. ఆ తర్వాత పిల్లలు కేకలు పెట్టారు.

మరుసటి వారం వాళ్లు కమాను లోపల ప్లైవుడ్‌తో గదులు కట్టారు. పడకలు, పని గది, మొక్కలు పెంచే అర. ఒక కొసన బయటికి పోయే తలుపు. చంద్రుని మీద బయట గాలి లేదు కాబట్టి నేరుగా తలుపు తీయడానికి వీల్లేదు. రెండు తలుపులూ మధ్యలో చిన్న అరా ఉంటాయి. ఒక తలుపు మూశాకే రెండోది తెరుచుకుంటుంది. రెండూ ఒకేసారి తెరుచుకుంటే లోపలి వాళ్లందరూ చచ్చిపోతారు. తెరిచిన ప్రతిసారీ కొంత గాలి పోతుంది గనక స్వప్న ఆ అరను ఎంత చిన్నదిగా చేయవచ్చో అంత చిన్నదిగా చేసింది. నాలుగడుగుల పొడవు. తలుపు గుండ్రంగా, మనిషి వంగి దూరేంత. ఆ లెక్కంటే ఆమెకు చాలా గర్వం.

"సూడు తాతా, ఎట్లుంది?" అంది.

సత్యానందం వంగి ఆ గుండ్రటి తలుపులోంచి లోపలికి పోయాడు. ఆ చిన్న అరలో నిలబడ్డాడు. వెనక్కి తిరిగి తలుపు వంక చూశాడు.  బయటికి వచ్చి, ఎవరితోనూ ఏమీ అనకుండా, సగం తాగిన చాయ్ గ్లాసు బల్ల మీదే వదిలేసి బస్టాండుకు నడిచాడు.

నాలుగు రోజులు కోదాడ పోలేదు. నవనీత ఫోను చేస్తే దేవమ్మ ఎత్తి, ఒంట్లో బాగా లేదని చెప్పింది. ఆదివారం చర్చికి కూడా పోలేదు ఆయన. వాకిట్లో కూర్చుని ఉంటే దేవమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"బక్కయ్య యాదికొచ్చిండా?"

ఆయన తలూపాడు.

"ఆ పిల్లలకు చెప్పు."

"చెప్పి ఏం చెయ్యాలె? పదిహేనేండ్లు ఎవరికి చెప్పిన?"

"ఎవరికీ చెప్పలే. అందుకే గిట్ల కూసున్నవ్. ఆ తలుపు తప్పని నీకు తెలుసు. తెలిసి ఊకుంటే, అప్పుడు నీది తప్పు గాకున్నా ఇప్పుడు నీదే అయితది."

ఆమె అంత గట్టిగా మాట్లాడటం అరుదు. సోమవారం పొద్దున ఆయన బస్సెక్కాడు.

కాలేజీలో జట్టంతా ఉండగా, శ్రీధర్ అనే పొడుగాటి కుర్రాణ్ని నేల మీద పడుకొమ్మన్నాడు. "నీ కాలు విరిగింది. నడుము కదలదు. మాట్లాడొద్దు" అన్నాడు. మిగతా వాళ్ల వైపు తిరిగి, "బయట దెబ్బ తగిలింది పిలగానికి. లోపలికి తీస్కపోండి. తలుపులు మాత్రం ఒకటి మూసినంకనే ఇంకోటి తియ్యాలె" అన్నాడు.

మొదట నవ్వుతూనే మొదలుపెట్టారు. ఇద్దరు ఎత్తారు. గుండ్రటి తలుపులోంచి శ్రీధర్ తల, భుజాలు పోయాయి. నడుము దగ్గర వంచితే గానీ పోవట్లేదు. వంచితే దెబ్బతిన్న నడుమేం కావాలి? ఎలాగో లోపలికి నెట్టారు. నాలుగడుగుల అరలో ఆరడుగుల మనిషి పట్టడు. కాళ్లు బయటే ఉండిపోయాయి. కాళ్లు బయట ఉన్నంతసేపూ తలుపు మూతపడదు. తలుపు మూతపడకపోతే రెండోది తెరవడానికి లేదు. మోకాళ్లు మడిచి, భుజాలు తోసి, పక్కకు తిప్పి చూశారు. శ్రీధర్ మోచేయి ప్లైవుడ్ అంచుకు గీరుకుపోయి రక్తం వచ్చింది. అప్పటికి పదిహేడు నిమిషాలైంది. నవ్వులు ఎప్పుడో ఆగిపోయాయి.

"అక్కడ బరువు ఆరో వంతే కదా తాతా, ఎత్తడం సులువైతది" అంది స్వప్న.

"బరువు తగ్గుతది బిడ్డా. మనిషి నిడివి తగ్గదు."

"అర పెద్దగ చేస్తే గాలి లెక్క మొత్తం మారిపోతది. పంపు పెద్దది కావాలె. మనం మోసుకుపోయే బరువు దాటిపోతది."

ఆయన ఇటుకల కుప్ప మీద కూర్చున్నాడు. పిల్లలు చుట్టూ నిలబడ్డారు. నవనీత కూడా వచ్చి నిలబడింది. ఒక ఇటుక ఒళ్లో పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు.

బక్కయ్య ఆయన జోడు. పద్దెనిమిదేళ్లు ఒకే కిలన్‌లో పక్కపక్కన ఇటుక పేర్చారు. రెండు వేల తొమ్మిది మే నెలలో కిలన్ ఆగినప్పుడు, అవతలి కొసన మంటకు కరిగి లోపలి గోడకు పట్టిన సిమెంటు గడ్డ ఇంకా రాలలేదేమో చూసి రమ్మని బక్కయ్యను పంపింది సత్యానందమే. మేస్త్రీ కదా, పని చెప్పడం ఆయన వంతు. బక్కయ్య పోయాడు. పైనుంచి గడ్డ విరిగి అతని తొడ మీద పడింది. ఎముక విరిగింది. కానీ తెలివి ఉంది, మాట్లాడుతున్నాడు. ఆ రోజు పెద్ద తలుపు దగ్గర ఇటుకలు ఎక్కించే యంత్రం అడ్డంగా ఉంది, అది కదలలేదు. మిగిలింది గొట్టం గోడకున్న చిన్న రంధ్రం. ఒక మనిషి వంగి దూరేంత.

"రోజూ దాంట్లకెల్లి వచ్చేటోళ్లమే, పోయేటోళ్లమే. ఎన్నడూ చిన్నగ అనిపియ్యలే. తనంతట తాను వచ్చే మనిషికి ఆ తలుపు సాలు. మోసుకొచ్చే మనిషికి సాలదు. స్ట్రెచర్ తిరగలే. నలబై నిమిషాలు పట్టింది. నా సెయ్యి పట్టుకొని 'జర నిదానంగ అన్నా, జర నిదానంగ' అన్నడు. రక్తం ఆగలే. బయటికి తెచ్చినంక దవాఖాన దాకా కూడా పోలే." సత్యానందం ముఖం తుడుచుకున్నాడు. "దెబ్బకు సచ్చిపోలే మా బక్కయ్య. తలుపుకు సచ్చిపోయిండు."

 సాయంత్రం దాకా స్వప్న తన బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుంది. మర్నాడు పాత డ్రాయింగు పక్కన పెట్టి కొత్తది మొదలుపెట్టింది.

మూడు వారాలు పట్టింది. మనిషి పడుకుని పట్టేలా, పక్కన మోసేవాడు మోకాళ్ల మీద కూర్చునేలా అరను ఎనిమిదడుగులు చేశారు. తలుపును వెడల్పు చేసి, కింది అంచును నేలకు సమంగా తెచ్చారు. బరువు దాటకుండా ఉండాలంటే ఇంకేదో వదులుకోవాలి. పడకలు నాలుగు నుంచి మూడయ్యాయి. పోటీలో ఎక్కువ మందికి చోటిస్తే ఎక్కువ మార్కులు. ఆ సంగతి జట్టులో అందరికీ తెలుసు. ఇద్దరు వద్దన్నారు కూడా. నవనీత తన అభిప్రాయం చెప్పకుండా వాళ్లనే తేల్చుకోమంది. ఆఖరికి శ్రీధర్ తన మోచేతి మీది మానిన గాయం చూపించి, "నేను పండుకున్న గదా, నాకు తెలుసు" అన్నాడు. దాంతో తేలిపోయింది.

జూన్‌లో హైదరాబాదులో ఆఖరి పోటీ జరిగింది. సత్యానందం చర్చికి వేసుకునే తెల్ల చొక్కా వేసుకుని వెనక వరసలో కూర్చున్నాడు. ఇంగ్లీషులో సాగిన మాటలు చాలావరకు ఆయనకు అర్థం కాలేదు. ఒక పెద్దాయన, న్యాయనిర్ణేతల్లో ఒకరు, బొమ్మ మీద వేలు పెట్టి ఏదో అడిగాడు. స్వప్న తెలుగులోనే జవాబు మొదలుపెట్టి, గుర్తొచ్చి మళ్లీ ఇంగ్లీషులోకి మారింది. మధ్యలో బక్కయ్య అన్న పేరు వినపడేసరికి ఆయన ముందుకు వంగాడు. తెర మీద డ్రాయింగు పెద్దది చేశారు. ఆ తలుపు పక్కన తెలుగు అక్షరాల్లో 'బక్కయ్య ద్వారం' అని రాసి ఉంది. అది రాసినట్టు వాళ్లు ఆయనకు ముందుగా చెప్పలేదు.

వాళ్ల డిజైన్‌కు బహుమతి రాలేదు. పదకొండు జట్లలో అయిదో స్థానం. పడకలు తక్కువైనందుకే మార్కులు పోయాయని నవనీత తర్వాత చెప్పింది. ఆ పెద్దాయన మాత్రం తలుపు డ్రాయింగు నకలు ఒకటి అడిగి తీసుకుపోయాడు. తిరుగు ప్రయాణంలో పిల్లలు దిగులుగా ఉన్నారు. సూర్యాపేటలో బస్సు ఆగినప్పుడు స్వప్న ఇంకో నకలు తీసి సత్యానందం చేతిలో పెట్టింది.

అది పట్టుకుని ఆయన వారం రోజులు ఆలోచించాడు. తర్వాత మిర్యాలగూడ పోయాడు.

బక్కయ్య భార్య పుష్ప అక్కడ ఒక రైసు మిల్లులో పని చేస్తుంది. మిల్లు వెనకే ఒక గదిలో కిరాయికి ఉంటుంది. బాయిలర్ పని మీద ఆ వీధి పక్కనుంచి ఆయన ఎన్నోసార్లు పోయాడు. ఒక్కసారి కూడా ఆ వీధిలోకి తిరగలేదు. ఆ రోజు తిరిగాడు. పుష్ప గుమ్మంలో బియ్యం ఏరుతోంది. ఆయన్ని చూసి లేచి నిలబడింది. జుట్టు సగం నెరిసింది.

"రా అన్నా" అంది, అంతే.

ఆయన కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. "ఆనాడు బక్కయ్యను అవతలి కొసకు పంపింది నేనే పుష్పా. సూసి రమ్మని నేనే అన్న. నీకు చెప్పలే. చెప్పే మొకం లేకుండె."

పుష్ప చేట కింద పెట్టింది. "నాకు ఆనాడే తెలుసు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినోళ్లు చెప్పిన్రు. మేస్త్రీ పని చెప్పకుంటే ఎవరు చెప్తరు? దానికి నేనేం అనుకోలే." ఆమె గొంతు గట్టిపడింది. "పద్దెనిమిదేండ్లు మా ఇంట్ల తిన్నోనివి. ఆయన పోయినంక పెద్దదినానికి రాలే. తర్వాత రాలే. పదిహేనేండ్లు ఇదే ఊరికి వస్తవు, పోతవు. మా అన్న ఎందుకు రాలేదని నేను ఎవరినడగాలె? గదే నన్ను కోసింది."

  సత్యానందం గుమ్మం పక్కనే నేల మీద కూలబడి ఏడ్చాడు. పుష్ప ఆపలేదు. లోపలికి పోయి నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.

కొంచెం తేరుకున్నాక ఆయన కాగితం విప్పి చూపించాడు. చంద్రుని మీద మనుషులుండే ఇంటికి పిల్లలు గీసిన బొమ్మ అన్నాడు. కమాను చూపించాడు, పైన కప్పే మట్టి చూపించాడు, తలుపు చూపించాడు. ఎందుకంత పెద్దదో చెప్పాడు.

"ఎప్పుడు కడతరు?" అడిగింది పుష్ప.

"కడతరో కట్టరో తెల్వదు. ఇది గెలవలే కూడా."

ఆమె ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. ఆమెకు చదవడం రాదు. "ఆయన పేరు యాడుంది?" అంది. ఆయన చూపించాడు. ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టకుండా, పక్కనే వేలు ఆనించి ఉంచింది.

"తిని పో అన్నా" అంది కాసేపటికి. "పప్పుచారే చేసిన."

ఆయన తిన్నాడు.  అవతల మిల్లులో మధ్యాహ్నం షిఫ్టు మొదలై, గోడలు సన్నగా అదరడం మొదలైంది. పుష్ప పనికి పోయే టైమయింది. తలుపుకు తాళం వేస్తూ, మళ్లీ వచ్చేటప్పుడు దేవమ్మ వదినెను కూడా తీసుకురమ్మంది. సత్యానందం సరేనన్నాడు. ఆమె మిల్లు గేటు దాకా నడుస్తుంటే ఆయన కూడా పక్కనే నడిచాడు.